తాళం పడ్డ ఫోను, వలీబీ మాట

జగ్గయ్యపేటలో నజ్మా మొబైల్స్ ఎక్కడని అడిగితే చాలామంది తెలియదనే అంటారు. వలీబీ కొట్టు అంటే మాత్రం, బస్టాండు నుంచి కూరగాయల మార్కెట్టు వైపు వెళ్ళే దారిలో, ఎరువుల దుకాణం పక్కన అని వేలుపెట్టి చూపిస్తారు. బోర్డు మీద కూతురి పేరు రాయించింది వలీబీయే. తన పేరు రాయించుకోవడానికి ఆమె అప్పట్లో సిగ్గుపడింది. ఇప్పుడా సిగ్గు లేదు గానీ, రాయించుకోవలసిన అవసరమే లేకుండా పోయింది.

ఆమె పుట్టిపెరిగింది నందిగామలో. తండ్రి జాన్‌బాషా కోర్టు గోడవారన టార్పాలిన్ కింద కూర్చుని గొడుగులు, టార్చిలైట్లు, గోడ గడియారాలు బాగుచేసేవాడు. వాయిదాకు వచ్చిన కక్షిదారులు లోపలినుంచి పిలుపు వచ్చేదాకా ఆయన దగ్గరే కాలక్షేపం చేసేవారు. బడి లేని రోజుల్లో వలీబీ ఆ పక్కనే చతికిలబడి, విప్పిన స్క్రూలు సీసా మూతలో వేసి పట్టుకునేది. తండ్రి దగ్గర ఆమె నేర్చుకున్నది పనికన్నా పని మర్యాద. ఒకరి వస్తువు మీద చెయ్యి వేశావంటే, తిరిగి వాళ్ళ చేతిలో పెట్టేదాకా అది నీ పూచీ అనేవాడాయన.

పెళ్ళయి పేటకు వచ్చాక, భర్త హారూన్ చిల్లకల్లు రూటులో ఆటో తిప్పుతుంటే, ఆమె ఇంటి అరుగు మీద బల్ల వేసుకుని రీచార్జి కార్డులు అమ్మింది. షాంపూ ప్యాకెట్లలా వాటిని దండకట్టి వేలాడదీసేది. కార్డులు పోయి టాపప్పులు వచ్చాయి. టాపప్పులు పోయి ఎవరి రీచార్జి వాళ్ళే చేసుకునే కాలం వచ్చింది. మార్పు వచ్చినప్పుడల్లా పేటలో కొన్ని కొట్లు మూతపడ్డాయి. వలీబీ మాత్రం ప్రతిసారీ ఒక మెట్టు పైకెక్కింది. విజయవాడకు రోజూ బస్సులో వెళ్ళి రిపేరు పని నేర్చుకుంది. ఆ తరగతిలో ఆమె ఒక్కతే ఆడమనిషి, అందరికన్నా పెద్దది కూడా. మొదటి వారం కుర్రాళ్ళు ఆమెను ఎవరో పిల్లాడి తల్లి అనుకుని లేచి నిలబడేవారట. ఆఖరి వారానికి సోల్డరింగు కుదరకపోతే ఆమె బల్ల దగ్గరికే వచ్చేవారు.

అమ్మకంలో ఆమెకు రెండు పట్టింపులున్నాయి. పేటలో వాటిని ఎగతాళి చేసినవాళ్ళే తరవాత వాటి కోసం ఆమె కొట్టు వెతుక్కుంటూ వచ్చారు.

మొదటిది, వారంటీలో ఉన్న ఫోనును ఆమె విప్పదు. ఎంత చిన్న పనైనా సరే, తన చేత్తో చిటికెలో అయ్యే పనైనా సరే, విప్పదు. బయటి చెయ్యి పడ్డ ఫోనుకు కంపెనీ జవాబు చెప్పదు. అందుకని దాన్ని నందిగామ సర్వీసు సెంటరుకు పంపించి, వచ్చేదాకా వాడుకోవడానికి తన పాత ఫోను ఒకటి ఇస్తుంది. వారంటీ అంటే ఏమిటో ఆమె రైతులకు చెప్పే తీరు వేరు. పాడిగేదెను అమ్మినవాడు పాలివ్వకపోతే నాదీ జవాబు అంటాడు. కొన్నవాడు దాన్ని కాలవలోకి తోలితే, ఇంకొకడి చేత సూదిమందు పొడిపిస్తే, అమ్మినవాడికి సంబంధం లేదు. ఫోనూ అంతే. నీళ్ళలో పడేసినా, పగలగొట్టినా, దారినపోయేవాడి చేత విప్పించినా కంపెనీ చేతులు దులుపుకుంటుంది. ఇంతకన్నా వివరంగా కంపెనీవాళ్ళు కూడా చెప్పలేరు.

రెండోది, ఫోను అమ్మేటప్పుడు కొనేవాడి ఎదురుగానే సీలు తీసి, మూడు కంపెనీల సిమ్ములు ఒకదాని తరవాత ఒకటి వేసి, హారూన్‌కు ఫోను చేస్తుంది. అతను ఎక్కడున్నా ఎత్తి, హలో అనాలి. విదేశాల నుంచి చుట్టాలు తెచ్చిన ఫోన్లతో మొదలైన అలవాటిది. అక్కడి నెట్‌వర్కు కంపెనీలు ఫోనును చవగ్గా ఇచ్చి, తమ సిమ్ము తప్ప ఇంకొకటి పనిచేయకుండా తాళం వేస్తాయి. అలాంటివి ఇక్కడికొస్తే ఫొటోలు తీసుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరావు. ఆ ఫోన్లు పట్టుకుని వచ్చి దిగాలుగా నిలబడ్డవాళ్ళను చూసి చూసి, తను అమ్మే ప్రతి ఫోనుకూ ఈ పరీక్ష పెట్టుకుంది. హారూన్ మాత్రం విసుక్కునేవాడు. కొట్టులో బేరాలు ఎలా ఉన్నాయో తనకు ఆటో నడుపుతూనే తెలిసిపోతోందని, బేరం బాగున్న రోజున చెవి వాచిపోతోందని ప్యాసింజర్లతో చెప్పేవాడు.

ఈ రెండు పట్టింపుల్లో ఒకదాన్ని ఆమె ఒకే ఒక్కసారి వదిలింది. అదీ ఆరోగ్యమ్మ కోసం.

ఆరోగ్యమ్మ పాలేరు వాగు అవతలి ఊరి మనిషి, మిరపకోతల ముఠా మేస్త్రి. ఆమె పిలిస్తే ట్రాక్టరు నిండా ఆడవాళ్ళు కోతకు కదులుతారు. ఈ జిల్లా రైతులతోపాటు కోదాడ వైపు రైతులు కూడా ఆమె నంబరు దాచుకుంటారు. ఆ ఊళ్ళో తరంగ నెట్‌వర్కు ఒక్కటే అందుతుంది. ఎన్నో ఏళ్ళుగా ఆమె నంబరూ అదే. ఆమె బటన్ల ఫోనుకు అంకెలన్నీ అరిగిపోయాయి. ఈ కాలపు రైతులేమో చేను ఎక్కడుందో నోటితో చెప్పకుండా మ్యాపు పంపుతున్నారు. అందుకని కోతలు మొదలుకాకముందే పెద్ద ఫోను కొనుక్కుందామని కొత్త సంవత్సరం వచ్చిన వారంలో వలీబీ దగ్గరకు వచ్చింది.

నందిగామ డిస్ట్రిబ్యూటరు కిషోర్‌బాబు దగ్గర నుంచి అప్పుడే కొత్త సరుకు దిగింది. విరాజ్ అనే కంపెనీ ఫోను. అదే మోడలు అంతకుముందు కొన్నదానికన్నా చవగ్గా ఉంది. కొత్త సంవత్సరం ఆఫరు కాబోలనుకుంది వలీబీ. ఆరోగ్యమ్మకు రంగు నచ్చింది. వలీబీ సీలు తీయడానికి బ్లేడు అందుకుంది.

“తియ్యమాకమ్మాయ్,” అంది ఆరోగ్యమ్మ, పెట్టె మీద చెయ్యి అడ్డం పెట్టి. “ఆదివారం గుళ్ళో అయ్యగారు ప్రార్థన చేశాకే తెరుస్తా.”

వాళ్ళ ఊరి చర్చిలో అది మామూలే. కొత్త బండి తాళాలు గానీ, విత్తనాల సంచి గానీ, కుట్టు మిషను గానీ, ఇంట్లోకి ఏది వచ్చినా ఆరాధన అయ్యాక బల్ల మీద పెడతారు. పాస్టరు మోజెస్‌గారు చెయ్యి ఉంచి ప్రార్థిస్తారు. అందరూ ఆమేన్ అన్నాకే దాన్ని వాడటం మొదలుపెడతారు. వలీబీకి ఈ సంగతి తెలుసు. దేవుడి ముందు పెట్టే వస్తువుకు ముందుగా తన బ్లేడు తగలడం ఆమెకూ బాగా అనిపించలేదు. అయినా చెయ్యి కాసేపు పెట్టె మీదే ఉండిపోయింది.

“ఏ సిమ్మయినా పడుద్దిగా?” అడిగింది ఆరోగ్యమ్మ.

“పడుద్ది పిన్నీ. నాదీ పూచీ,” అంది వలీబీ.

ఆ రోజు హారూన్ ఫోను మోగలేదు.

ఆదివారం పొద్దువాలాక ఆరోగ్యమ్మ వచ్చింది. అరవలేదు. ఫోనును కౌంటరు మీద పెట్టి, స్టూలు లాక్కుని కూర్చుని, జరిగినదంతా వరసగా చెప్పింది. ప్రార్థన బాగా జరిగిందట. అయ్యగారు ఈ ఫోను ద్వారా ముఠాలో ఆడవాళ్ళందరికీ పని దొరకాలని పేరుపేరునా ప్రార్థించారట. అందరి ఎదుటా సీలు తీసి, పాస్టరుగారి కోడలు పరిమళ సిమ్ము వేస్తే, తెర మీద ఇంగ్లీషులో ఏదో వచ్చిందట. ఈ ఫోను సుగమ నెట్‌వర్కు సిమ్ముతోనే పనిచేస్తుంది, ఇంకో సిమ్ము ఒప్పుకోదు అని పరిమళ చదివి చెప్పిందట. అప్పుడు వెనక బెంచీలోంచి ఎవరో, వలీబీ కూడా అంటగట్టడం నేర్చిందా అన్నారట.

“నువ్వు అట్టా చెయ్యవని నేనన్నా,” అంది ఆరోగ్యమ్మ. “అన్నా గానీ, ఫోను నా మాట వినలేదు మరి.”

వలీబీ పెట్టె తిప్పి చూసింది. ముందువైపు పాత పెట్టెకూ దీనికీ తేడా లేదు. వెనక, బరువూ కొలతలూ రాసే చోట, చీమలంత అక్షరాల్లో ఉంది సంగతి. కొన్న నాటి నుంచి ఏడాదిన్నర వరకు సుగమ సిమ్ముతో మాత్రమే పనిచేయును. అందుకే చవక. ధరలో కొంత సుగమ కంపెనీ భరించి, దానికి బదులు తాళం వేసింది. విదేశీ ఫోన్లకు ఇలాంటి తాళాలున్నాయని ఊరందరికీ చెప్పిన మనిషి, తన కొట్టులోకే తాళం నడిచి వస్తే పోల్చుకోలేకపోయింది.

వలీబీ అదే మోడలులో తాళం లేని పాత సరుకు ఒకటి తీసి ముందు పెట్టింది. అక్కడితో అయిపోతుందనుకుంది. ఆరోగ్యమ్మ దానివైపు చూడను కూడా చూడలేదు.

“ఇది ప్రార్థన చేసిన ఫోను. దీన్ని వదిలి ఇంకోటి తీసుకెళ్తే, అయ్యగారి ప్రార్థన పనిచెయ్యలేదని ఊరంతా అనుకోదూ?”

“దీనికీ ఇంకోసారి చేయించుకో పిన్నీ.”

“నీ పెళ్ళికి నిఖా రెండుసార్లు చదివించారా? మొదటాయన నచ్చకపోతే, తెచ్చి మార్చుకుని మళ్ళీ చదివించుకుంటారా?”

గుమ్మంలో నిలబడి టీ తాగుతున్న హారూన్, ఆ వీలుందని అప్పట్లో తమకెవరూ చెప్పలేదన్నాడు. వలీబీ నవ్వలేదు. ఆమెకు అప్పటికే అర్థమైంది. ఆరోగ్యమ్మకు కావలసింది ఫోను కాదు, ఈ ఫోనే. పూచీ పడ్డ తన మాట పోయిందీ ఈ ఫోను మీదే. దక్కితే దీని మీదే దక్కాలి.

ఆ రాత్రి అన్నాల దగ్గర హారూన్ రెండు దారులు చూపించాడు. నంబరు మార్చకుండా సుగమకు మార్పించేద్దామన్నాడు. ఆ ఊళ్ళో సుగమ సిగ్నలు అందదని తనే గుర్తుతెచ్చుకుని ఊరుకున్నాడు. రెండోది, విజయవాడలో ఒకతను కంప్యూటరుకు తగిలించి ఇలాంటి తాళాలు క్షణంలో తీసేస్తాడు, ఎవరికీ తెలియదు. ఆ పని వలీబీకే వచ్చు. కానీ అలా దొంగతాళం పెట్టి తీసిన ఫోనుకు వారంటీ పోతుంది. రేపు తెర నల్లబడితే నందిగామలో ముఖం మీదే కాదంటారు. కంపెనీ వారంటీ ఉన్న ఫోనని చెప్పి అమ్మి, తన చేత్తోనే ఆ వారంటీని చంపి ఇవ్వడం ఆమెకు ఇంకో మోసంలా తోచింది. అది మాత్రం కుదరదు అంది. ఆమె ఆ గొంతుతో అంటే హారూన్ ఇక మాట్లాడడు.

మర్నాడు కొట్టు మూసి నందిగామ బస్సెక్కింది. ముందు సర్వీసు సెంటరుకు వెళ్ళింది. అక్కడి ఇన్‌ఛార్జి క్రాంతికుమార్‌కు ఆమె అంటే గౌరవం. పేట నుంచి వచ్చే ఫోన్లలో బయటి చెయ్యి పడనివి ఆమె పంపేవేనని తన కుర్రాళ్ళకు చెబుతుంటాడు. అతను ఫోను చూసి, ఇందులో పాడయిందేమీ లేదు, తాళం ఉండటం జబ్బు కాదు, కంపెనీ కావాలనే వేసింది కాబట్టి వారంటీ కిందికి రాదు అన్నాడు. తాళం తీసే అధికారం సుగమవాళ్ళకే ఉందనీ, వాళ్ళు తీస్తే వారంటీ చెక్కుచెదరదనీ చెప్పాడు. ఇంకెవరు తీసినా నా దగ్గరకు తేవద్దండీ, కాదని చెప్పాలంటే నాకు బాధ అన్నాడు. సూటిగా చెప్పినందుకు వలీబీ అతనికి దణ్ణం పెట్టి, రైతుపేటలో ఉన్న కిషోర్‌బాబు గోడౌనుకు నడిచింది.

కిషోర్‌బాబు చెడ్డవాడు కాదు. ఎదురొచ్చి కూర్చోబెట్టి మజ్జిగ తెప్పించాడు. విషయం విన్నాక, సీలు తీసిన సరుకు వెనక్కి తీసుకోవడం కుదరదన్నాడు. పెట్టె మీద రాసే ఉందన్నాడు.

“మీరు చదవలేదా అండీ?”

“చదవలేదు,” అంది వలీబీ. “మీరు చదివారా?”

అతనూ చదవలేదు. సుగమవాళ్ళు మామూలు సరుకుతో కలిపి పంపారు, తనూ అలాగే కలిపి పంచాడు. ఇన్నేళ్ళ పరిచయానికి మర్యాదగా ఈ ఒక్కటీ మార్చి ఇస్తానన్నాడు. మార్చడం కాదు, దీని తాళమే తీయించాలి అందామె. ప్రార్థన సంగతి చెప్పింది. కిషోర్‌బాబు పగలబడి నవ్వాడు. ఫోనుకు ప్రార్థనేమిటండీ అన్నాడు.

గోడౌను ముందు అతని కొత్త కారు ఆగి ఉంది. బానెట్టు మీద గంధం, సిందూరం ఇంకా చెరగలేదు.

“కారు పూజ ఎక్కడ చేయించారండీ?”

“పరిటాలలో. ఆంజనేయస్వామి పాదాల దగ్గర.”

“రేపు షోరూమువాళ్ళు వచ్చి, ఇది వదిలెయ్యండి, ఇదే రంగుది ఇంకోటి ఇస్తాం అంటే ఇచ్చేస్తారా?”

కిషోర్‌బాబు నవ్వు ఆపాడు. ఫోను తీసి సుగమ ఏరియా ఆఫీసరుకు కలిపాడు. చాలాసేపు మాట్లాడి, వచ్చి కూర్చుని, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. గడువుకు ముందే తాళం తీయడానికి కంపెనీలో రెండే దారులున్నాయి. ఒకటి, కొన్నామె ఫోను చేసి, అమ్మేటప్పుడు నాకు తాళం సంగతి చెప్పారు, తెలిసే కొన్నాను, ఇప్పుడు మనసు మారింది అని చెప్పాలి. తగ్గించిన ధర వెనక్కి కట్టాలి. రెండోది, అమ్మినవాళ్ళు ఫోను చేసి, చెప్పకుండా అమ్మానని ఒప్పుకోవాలి. అప్పుడు తాళం ఉచితంగా తీస్తారు. కానీ అలా ఒప్పుకున్న కొట్టుకు సుగమ సిమ్ములు అమ్మే కోడు ఎండాకాలం అయ్యేదాకా ఆపేస్తారు.

వలీబీ కొట్టులో ఎక్కువ కదిలేవి సుగమ సిమ్ములే. సిమెంటు ఫ్యాక్టరీల్లో పనికి ఒడిశా నుంచీ బీహార్ నుంచీ వచ్చే వాళ్ళంతా అవే అడుగుతారు. సిమ్ముకని వచ్చినవాడు చార్జరు కొంటాడు, తెరకు గ్లాసు వేయించుకుంటాడు, ఆర్నెల్లకు ఫోను కొంటాడు. కిషోర్‌బాబుకు ఇది బాగా తెలుసు.

“మొదటి దారే మంచిదండీ,” అన్నాడు. “ఆ కట్టాల్సిందేదో మీరే కట్టెయ్యండి. ఆమె చేత ఒక్క మాట చెప్పించండి, చాలు. మీ పేరూ నిలబడుద్ది, కోడూ నిలబడుద్ది.”

“ఆమెకు నేను చెప్పలేదుగా.”

“అది ఎవరికి తెలుసు?”

“ఆమెకు తెలుసు,” అంది వలీబీ. “వాళ్ళ గుళ్ళో అందరిలో నన్ను వెనకేసుకొచ్చిన మనిషండీ. ఇప్పుడు నాకోసం అబద్ధం ఆడు పిన్నీ అని నేనెట్టా అడగను? ఒకవేళ ఆడిందే అనుకోండి. తెలిసి కొని మాట మార్చిందన్న పేరు ఆమెకు పడుద్ది. నా పేరు ఆమె నెత్తిన పెట్టి మోయించమంటారా?”

కిషోర్‌బాబు ఇంకా ఏదో అనబోయాడు. ఆమె చెయ్యి చాపింది. అతను సుగమ నంబరు కలిపి ఫోను ఇచ్చాడు.

అవతల ఒకమ్మాయి, ఈ సంభాషణ రికార్డు అవుతుందని ముందే చెప్పింది. పేరు, కొట్టు, ఊరు, ఫోను నంబరు అడిగి తీసుకుంది. తరవాత అడిగింది.

“ఈ ఫోను సుగమ సిమ్ముతో మాత్రమే పనిచేస్తుందని కస్టమరుకు చెప్పారా మేడమ్?”

“చెప్పలేదు.”

“కస్టమరు అడగలేదా?”

“అడిగింది. ఏ సిమ్మయినా పడుద్దని చెప్పా. పెట్టె వెనక రాసుంది, నేను చదవలేదు. తప్పు నాదే.”

ఇలా రికార్డు చేస్తే కోడు ఆగిపోతుందని ఆ అమ్మాయి మెల్లగా గుర్తుచేసింది. ఒకసారి ఆలోచించుకుని మళ్ళీ చేస్తారా మేడమ్ అని అడిగింది.

“ఆలోచించుకునే చేశానమ్మా. రాసుకో.”

ఫోను తిరిగి ఇస్తున్నప్పుడు కిషోర్‌బాబు ఆమె ముఖం చూడకుండా లోపలికి కేక వేసి, సరుకులోంచి ఆ ఫోన్లన్నీ ఏరి పక్కన పెట్టమన్నాడు. వేరే దుకాణాలకు పోయినవాటి కోసం తనే ఫోన్లు చేయడం మొదలుపెట్టాడు. అతను ఆ పని ఆమెను చూసి చేశాడా, తన మీదా ఇలాంటి ఫిర్యాదు వస్తుందని భయపడి చేశాడా అన్నది వలీబీ ఆలోచించలేదు. బస్సు టైమయింది, వచ్చేసింది.

ఆ వారంలోనే తాళం ఊడింది. జరిగింది దాచకుండా చెప్పమని చెప్పి, ఫోనును హారూన్ చేత ఆ ఊరికి పంపింది వలీబీ. ఆరోగ్యమ్మ కొట్టుకు రాలేదు, ఫోనే చేసింది. తరంగ నంబరు నుంచి. మాట్లాడినదంతా కోతల గురించే. ఎవరి చేలో కాయ పండిందో, ఎవరు ముందు రమ్మంటున్నారో, మ్యాపు పెద్దది చేసుకోవడానికి రెండు వేళ్ళు వాడాలని పరిమళ నేర్పిందనీ. ఆదివారం అయ్యగారు ఫోను సంగతి అందరికీ చెప్పారని చివర్లో ఒక ముక్క అంది. ఏం చెప్పారని వలీబీ అడిగింది. తన తప్పు తనదేనని ఒప్పుకున్న మనిషి కోసం కూడా ప్రార్థించమన్నారట. వలీబీ ఫోను పెట్టేశాక కాసేపు కౌంటరు అద్దం తుడుస్తూ కూర్చుంది. అద్దం అప్పటికే శుభ్రంగా ఉంది.

సుగమ కోడు అన్నట్టుగానే ఆగిపోయింది. ఎవరైనా అడిగితే స్టాకు లేదని చెప్పు చాలు అన్నాడు హారూన్. ఆమె అలా చెప్పలేదు. ఫ్యాక్టరీ మేస్త్రి ఒకడు పదిమంది ఒడిశా కూలీలను వెంటబెట్టుకుని సిమ్ముల కోసం వస్తే, తాళం ఉన్న ఫోనును చెప్పకుండా అమ్మాననీ, అందుకని నా కోడు ఆపారనీ చెప్పి, ఎదురు కొట్టు చూపించింది. ఎవరైనా ఇలా చెప్పుకుంటారా అన్నాడతను వింతగా చూస్తూ. అడిగారుగా అందామె. అతను పదిమందినీ తీసుకుని ఎదురు కొట్టుకు వెళ్ళిపోయాడు. ఆ నెలలో అలా చాలామందే వెళ్ళారు. నష్టం నష్టమే. అది లేదని ఆమె ఎవరితోనూ అనలేదు.

మారింది ఒక్కటే. ఇప్పుడు ఫోను అమ్మే ముందు పెట్టెను నాలుగు వైపులా తిప్పి, చీమల అక్షరాలతో సహా పైకి చదివి, తెలుగులో చెప్పి, అప్పుడు చేతికిస్తుంది. కొందరు ఆవులిస్తారు. చదవడం అయ్యేదాకా పెట్టె ఇవ్వదు. సీలు తియ్యొద్దనేవాళ్ళకు ఇప్పుడు ఇబ్బందే లేదు. తాళం ఉందో లేదో బయటే తేలిపోతోంది.

మొన్న ఫిబ్రవరిలో ఒకరోజు ఆమె నందిగామ సర్వీసు సెంటరుకు ఫోన్లు తీసుకెళ్ళాలని చిల్లకల్లు వరకు హారూన్ ఆటో ఎక్కింది. ముందే జనం నిండిపోవడంతో వెనక సీటు చివర, గుమ్మడికాయల సంచి పక్కన ఇరుక్కుంది. ముసుగు సర్దుకుని కూర్చున్న ఆమెను హారూన్‌తో సహా ఎవరూ పట్టించుకోలేదు. హారూన్ తన పక్కనున్న కోదాడ ప్యాసింజరుతో అప్పటికే కథలో ఉన్నాడు. కథలో కిషోర్‌బాబు గోడౌను పెద్ద మేడంత అయింది. సుగమ కంపెనీ నుంచి మాట్లాడిన అమ్మాయి హైదరాబాదులో పెద్ద మేనేజరయింది.

“అంటే తప్పు మీ ఆవిడదే కదా?” అన్నాడు కోదాడ మనిషి.

“తప్పే,” అన్నాడు హారూన్. “కాదన్నదెవరు? ఇంకొకళ్ళ మీదికి తోసేసే వీలున్నా, రికార్డు చేసుకో తల్లీ, తప్పు నాదే అని కంపెనీవాళ్ళకు చెప్పింది. మీ కోదాడ మొత్తం వెతుకు, అట్టాంటి మనిషిని ఒక్కళ్ళను చూపించు. నా ఆటో నీకు రాసిస్తా.”

వాళ్ళాయన తనను మెచ్చుకోవడం వలీబీ ఎన్నడూ వినలేదు. ఇంట్లో అతను మెచ్చుకునేది కూరనే. అది కూడా అయిపోయాక. ఆమె బయటికి చూస్తూ కూర్చుంది. రోడ్డుకు అటూ ఇటూ కళ్ళాల్లో మిరపకాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి. హారూన్ ఇంకా పక్కకు తిరిగి చెబుతూనే ఉన్నాడు. ఎదురుగా లారీ వస్తోంది.

“ముందు చూసి నడపండి,” అంది వెనక నుంచి.

ఆ గొంతుకు హారూన్ నాలిక కరుచుకోవడం చూసి, ఆటోలో అందరూ ఒక్కసారి వెనక్కి తిరిగారు. గుమ్మడికాయల సంచి యజమాని, తన సంచిని ఒళ్ళోకి లాక్కుని, ఆమెకు చోటిచ్చాడు.